ఓల్డ్ స్కూల్ హిప్ హాప్, ఇప్పటి హిప్ హాప్: తరచుగా అడిగే ప్రశ్నలు

సంక్రాంతికి అందరం ఒకచోట చేరితే మా మేనల్లుడి బ్లూటూత్ స్పీకర్ దగ్గర హిప్ హాప్ (బీట్ మీద ప్రాస కలిపి మాటలు చెప్పే ర్యాప్, దాని వెనక సంగీతం) గురించి ఈ పంచాయితీ తప్పదు. "మామయ్యా, మీ కాలం పాటలన్నీ ఒక్కలాగే ఉంటాయి" అంటాడు వాడు. "మీ వాళ్లు మాటలు నమిలేస్తారు" అంటాన్నేను. ఏళ్ల తరబడి వాదించుకుంటూ, వింటూ వచ్చాక తేలిన సంగతులు, తెలిసినవాళ్లు పదేపదే అడిగే ప్రశ్నలు కలిపి ఇక్కడ రాశాను. నాకు పక్షపాతం లేదని చెప్పను. ఎక్కడుందో చదువుతుంటే మీకే తెలిసిపోతుంది.

ఓల్డ్ స్కూల్ అంటే ఏ కాలం? ర్యాపర్ టూపాక్ ఓల్డ్ స్కూలేనా?

కాదు. గొడవ సగం ఇక్కడే మొదలవుతుంది. ఓల్డ్ స్కూల్ అంటే అసలు లెక్కలో 1973 నుంచి దాదాపు 1983 దాకా, న్యూయార్క్‌లో నడిచిన తొలి పదేళ్లు. 1984లో రన్-డీఎంసీ మొదటి ఆల్బమ్ వచ్చేసరికే గాలి మారింది. 80ల మధ్య నుంచి 90ల మధ్య దాకా నడిచినదాన్ని గోల్డెన్ ఏజ్ అంటారు. రకీమ్, పబ్లిక్ ఎనిమీ, వూ-టాంగ్, నాస్ ఆ బాపతు. టూపాక్, బిగ్గీ దాని చివర్లో వచ్చినవాళ్లు.

"పాతదే గొప్ప" అనేవాళ్లలో నూటికి తొంభైమంది మెచ్చుకునేది 90లనే. వాళ్లకు నిజంగా 1980 నాటి రికార్డు వేసి వినిపిస్తే, "ఇది డిస్కో కదా!" అంటారు. నేనూ మొదటిసారి అదే అన్నాను.

అసలు ఎక్కడ, ఎలా మొదలైంది?

1973 ఆగస్టు 11న, న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అనే అపార్ట్‌మెంట్ కింది హాల్లో. సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి బడి తెరిచేలోగా కొత్త బట్టలకు డబ్బు కూడబెట్టుకోవాలని పార్టీ పెట్టింది. టికెట్ ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50. పాటలు వేసింది వాళ్లన్న క్లైవ్, అందరూ పిలిచే పేరు డీజే కూల్ హెర్క్. జమైకా నుంచి వచ్చిన కుటుంబం. అక్కడి వీధుల్లో పెద్దపెద్ద స్పీకర్లు పేర్చి పాటలు వేసే అలవాటు వాళ్లకు బాగా తెలుసు.

హెర్క్ ఒకటి గమనించాడు. రికార్డులో పాటంతా నడుస్తున్నంతసేపూ జనం గోడలకు ఆనుకుని ఉంటారు. గాయకుడు ఆగి, ఒట్టి డ్రమ్ములు వాయించే ఆ కొద్ది సెకన్లు రాగానే దూకుతారు. ఆ ముక్కనే 'బ్రేక్' అంటారు. చిక్కేమిటంటే అది పది, పదిహేను సెకన్లలో అయిపోతుంది. అందుకని అదే రికార్డు రెండు ప్రతులు కొని, రెండు టర్న్‌టేబుళ్ల మీద పెట్టాడు. ఒకదాంట్లో బ్రేక్ అయిపోతుండగా రెండోదాంట్లో మొదలుపెట్టేవాడు. ఈలోగా మొదటిదాన్ని వెనక్కి తిప్పేవాడు. పది సెకన్ల డ్రమ్ములు ఐదు నిమిషాలు సాగేవి.

హెర్క్ సూదిని కంటి అంచనాతో దించేవాడు, ఒక్కోసారి తాళం తప్పేది. దాన్ని సరిచేసింది గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్. ఎలక్ట్రానిక్స్ చదివిన కుర్రాడు. రికార్డు మీద క్రేయాన్‌తో గీత గీసి, ఆ గీత ఎన్ని చుట్లు వెనక్కి వస్తే బ్రేక్ మొదటికి వస్తుందో లెక్కపెట్టుకునేవాడు. బయటికి ఒక రికార్డు మోగుతుంటే రెండోది హెడ్‌ఫోన్లో తను మాత్రమే వినేలా మీట అమర్చుకున్నాడు. ఈ రోజు ల్యాప్‌టాప్‌లో 'లూప్' అని ఒక్క నొక్కు నొక్కితే అయ్యే పని అది. అప్పట్లో దానికి చేతివాటం కావాలి, చెవి కావాలి, చెమట కారాలి.

ఇక్కడ ఒక సంగతి మనసులో పెట్టుకోండి, కింద చాలా ప్రశ్నలకు ఇదే తాళంచెవి: మొదట్లో ఈ ఆటకు కథానాయకుడు డీజే. ర్యాపర్ కాదు.

మరి ర్యాపర్ ఎప్పుడు ముందుకొచ్చాడు?

హెర్క్ పక్కన కోక్ లా రాక్ అనే స్నేహితుడు మైకు పట్టుకుని వచ్చినవాళ్లను పేరుపెట్టి పలకరిస్తూ, రెండు ముక్కలు ప్రాస కలిపేవాడు. మన పెళ్లి ఆర్కెస్ట్రాలో యాంకర్ చేసే పని లాంటిదే. ఆ రెండు ముక్కలే పెరిగి పద్యాలయ్యాయి.

తలకిందులైంది 1979లో. న్యూజెర్సీలో సిల్వియా రాబిన్సన్ అనే గాయని, నిర్మాత, ముగ్గురు కుర్రాళ్లను పోగేసి షుగర్‌హిల్ గ్యాంగ్ అని పేరు పెట్టి 'ర్యాపర్స్ డిలైట్' విడుదల చేసింది. పద్నాలుగు నిమిషాలకు పైగా ఉంటుంది పూర్తి పాట. వెనక మోగేది షిక్ బృందం 'గుడ్ టైమ్స్' బాణీ. దాన్నీ వాద్యగాళ్లతో మళ్లీ వాయించారు. అంటే లోకానికి హిప్ హాప్ పరిచయమైన పాటలో డీజే పనే లేదు! రికార్డు మీద అచ్చయ్యేసరికి డీజే పక్కకు జరిగాడు.

ఆ ముగ్గురిలో బిగ్ బ్యాంక్ హ్యాంక్ అప్పటికి పిజ్జా కొట్లో పనిచేసేవాడు. అతను పాడిన చరణాలు బ్రాంక్స్‌లో పేరున్న గ్రాండ్‌మాస్టర్ కాజ్ నోటుపుస్తకంలోవి. అరువు తెచ్చుకోవడం ఎంత యథాతథంగా జరిగిందంటే, కాజ్ తన మారుపేరును అక్షరం అక్షరం చెప్పుకున్న చోట హ్యాంక్ కూడా అవే అక్షరాలు పలికాడు. ఇప్పటి ర్యాపర్లు పాటలు వేరేవాళ్లతో రాయించుకుంటారని ఈసడించుకునేవాళ్లకు నేను ముందు ఈ కథ చెబుతాను.

ఇప్పటివాళ్లకు సాహిత్యం రాదు, గొణుగుతారు. నిజం కాదా?

సగం నిజం. ఆ సగం ఏదో చూద్దాం.

ఓల్డ్ స్కూల్ ప్రాస చాలా సాదా. పాదం చివర ఒక మాట, తర్వాతి పాదం చివర దానికి జత. మన అంత్యప్రాస. అందరూ దాదాపు ఒకే ఊపులో, గట్టిగా అరిచినట్టు చెప్పేవారు. పార్కుల్లో, గుంపుల మధ్య చెప్పేవాళ్లకు అదే కావాలి మరి. 1987లో 'పెయిడ్ ఇన్ ఫుల్' ఆల్బమ్‌తో రకీమ్ ఈ పద్ధతి మార్చేశాడు. గొంతు పెంచలేదు, తొందరపడలేదు. ప్రాసను పాదం చివరి నుంచి తెచ్చి పాదం మధ్యలో, మాటల నడుమ చల్లాడు. వాక్యం ఒక పాదంలో ఆగకుండా తర్వాతి పాదంలోకి పొర్లేది. తర్వాత వచ్చిన మంచి ర్యాపర్లంతా ఏదో ఒక రకంగా అతనికి అప్పుపడ్డవాళ్లే.

ఇక కొత్తవాళ్లు. 2013లో అట్లాంటా ప్రాంతం నుంచి మిగోస్ అనే ముగ్గురు 'వెర్సాచీ' అనే పాటతో ఊపేశారు. పల్లవంతా ఆ బట్టల కంపెనీ పేరే. చూడ్డానికి ఇంతకన్నా ఖాళీ సాహిత్యం ఉండదు. కానీ చేత్తో బల్ల మీద తాళం వేస్తూ వినండి. వె-ర్సా-చీ, వె-ర్సా-చీ: మూడేసి అక్షరాల గుత్తులు. మృదంగం నేర్చుకునే పిల్లవాణ్ణి అడిగితే చెబుతాడు, అది తకిట తకిట, తిస్రగతి. కింద బీట్ తకధిమి అని నాలుగులో నడుస్తుంటే పైన మాట మూడులో పరిగెడుతుంది. ఆ ఒరిపిడిలోనే ఉంది మజా అంతా. ఈ నడక వాళ్లు కనిపెట్టింది కాదు, 90లలోనే మెంఫిస్‌లో త్రీ 6 మాఫియా వాళ్లు వాడారు. మిగోస్ దాన్ని ఊరూవాడా చేశారు.

అంటే గొంతును మాటలు మోసే బండిగా కాక, ఒక వాయిద్యంగా వాడుతున్నారన్నమాట. అర్థం పలచబడింది, లయ చిక్కబడింది. అర్థమే ముఖ్యమనుకునేవారికి అది నష్టమే, నేను కాదనను. కానీ చేతకాక అలా చేస్తున్నారనడం తప్పు. పైగా అదే కాలంలో కెండ్రిక్ లమార్ 'డ్యామ్' ఆల్బమ్‌కు 2018లో సంగీతానికిచ్చే పులిట్జర్ అందుకున్నాడు. శాస్త్రీయ, జాజ్ సంగీతాలు దాటి ఆ బహుమతి బయటికి రావడం అదే మొదలు. సాహిత్యం ఎక్కడికీ పోలేదు. ఒకప్పుడు రాకపోతే నడవదు, ఇప్పుడు రాకపోయినా నడుస్తుంది. తేడా అంతే.

ఆటోట్యూన్ మోసం కాదా?

చమురు వెతకడానికి భూమిలోకి పంపే ధ్వని తరంగాల మీద పనిచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అనే ఇంజనీరు, ఆ లెక్కలనే గొంతుకు అన్వయించి 1997లో ఈ సాఫ్ట్‌వేర్‌ను బయటపెట్టాడు. శ్రుతి తప్పినవాళ్లను గుట్టుగా సరిదిద్దడానికి. టీ-పెయిన్ అనే గాయకుడు దాన్ని గుట్టుగా కాక బాహాటంగా, గొంతు లోహంలా మోగేలా వాడాడు. 2008లో కాన్యే వెస్ట్ ఒక ఆల్బమంతా అలా దుఃఖం పాడుకున్నాడు. అక్కణ్నుంచి ర్యాప్‌కీ పాటకీ మధ్య గోడ కూలిపోయింది. 2014లో టీ-పెయిన్ ఆటోట్యూన్ లేకుండా, ఒక్క కీబోర్డు తోడుగా పాడిన చిన్న కచేరీ వీడియో ఉంది. చూశాక ఈ ప్రశ్న మళ్లీ అడగరు.

బీట్ ఎందుకింత మారిపోయింది? పాత పాటల్లో ఉండే ఆ వెచ్చదనం ఏమైంది?

నా పక్షపాతం ఇక్కడుంది. నిజంగా పోగొట్టుకున్నది ఏదైనా ఉంటే అది శాంప్లింగ్ అని నా అభిప్రాయం.

80ల చివర్లో ఎస్పీ-1200, ఎంపీసీ-60 అనే యంత్రాలు వచ్చాయి. పాత రికార్డులోంచి ఒక ముక్క కోసి, మీటల మీద పెట్టుకుని, వేళ్లతో వాయించొచ్చు. ఎస్పీ-1200లో పట్టేది మొత్తం పది సెకన్ల శబ్దమే. అందుకని రికార్డును వేగంగా తిప్పి ఎక్కించి, లోపల మళ్లీ నెమ్మది చేసేవారు. దాంతో శబ్దం కొంచెం గరగరలాడేది. మీరంటున్న వెచ్చదనం అదే: చోటు చాలక పుట్టిన గరగర. పబ్లిక్ ఎనిమీ, డి లా సోల్ ఒక్కో పాటలో ఎన్నెన్నో ముక్కలు అతికేవారు, బొంత కుట్టినట్టు.

1991 డిసెంబర్లో న్యూయార్క్ కోర్టు బిజ్ మార్కీ అనే ర్యాపర్ మీద తీర్పిచ్చింది. గాయకుడు గిల్బర్ట్ ఓ'సల్లివన్ పాటలో ముక్క అనుమతి లేకుండా వాడాడని. న్యాయమూర్తి తీర్పును 'దొంగిలించరాదు' అనే బైబిల్ వాక్యంతోనే మొదలుపెట్టాడు. అప్పట్నుంచి ప్రతి ముక్కకూ అనుమతి, ప్రతి అనుమతికీ రుసుము. పాటకు పదిహేను ముక్కలు అతికే ఆట అయిపోయింది. బిజ్ మార్కీ తర్వాతి ఆల్బమ్‌కు 'అన్ని శాంపిళ్లకూ అనుమతి ఉంది' అనే అర్థం వచ్చే పేరు పెట్టి కసి తీర్చుకున్నాడు. డి లా సోల్ 1989 నాటి మొదటి ఆల్బమ్ ఈ హక్కుల చిక్కుల వల్ల 2023 మార్చి 3 దాకా స్ట్రీమింగ్‌లోకే రాలేదు. ఆ ముగ్గురిలో ఒకడైన డేవ్ దానికి సుమారు మూడు వారాల ముందే చనిపోయాడు.

ఇంకో వైపు కూడా చెప్పాలి. గాయకుడు జేమ్స్ బ్రౌన్ దగ్గర డ్రమ్ములు వాయించిన క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ వాయింపును వందల పాటల్లో వాడుకున్నారు. ఆయన చేతికి వచ్చింది దాదాపు శూన్యం. అనుమతి అడగాలనడం అన్యాయం కాదు. కానీ ఆ రుసుములు వెళ్లింది ఎక్కువగా హక్కులున్న కంపెనీలకు, వాయించినవాళ్లకు కాదు.

శాంపిల్ ఖరీదైపోయాక ఏం మిగిలింది? యంత్రం. 1980లో రోలాండ్ కంపెనీ తెచ్చిన టీఆర్-808 డ్రమ్ మెషిన్ అసలు డ్రమ్ముల్లా మోగదని అప్పట్లో అమ్ముడుపోలేదు, మూడేళ్లకే ఆపేశారు. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికింది కాబట్టే కుర్రాళ్ల చేతికొచ్చింది. అట్లాంటాలో 'ట్రాప్' పేరుతో ఎదిగిన సంగీతానికి దాని 'ధమ్'మనే లోతైన దెబ్బే వెన్నెముక. ట్రాప్ అంటే అక్కడి యాసలో మాదకద్రవ్యాలు అమ్మే ఇల్లు. ఆ ధమ్‌ను సాగదీసి, శ్రుతి మార్చి, బేస్ గిటార్ బదులు వాడతారు. పైన హై-హ్యాట్ (డ్రమ్ సెట్‌లో తాళాల్లాంటి జంట పళ్లేలు) చిటపటలు, గోలెంలో వాన పడ్డట్టు.

"ఈ టకటకలు తప్ప ఇందులో ఏముంది" అని నేను చాలా ఏళ్లు అన్నాను. ఫోన్ స్పీకర్లో వినేవాణ్ణి. ఓసారి మా బావగారి కారులో మేనల్లుడు అవే పాటలు పెట్టాడు. డోరుకున్న ప్లాస్టిక్ గడగడలాడింది, సీటు వీపుకు తగిలింది. ఆ కింది స్వరాలు ఫోన్ స్పీకర్‌కు పలకనే పలకవట. సగం పాట విని తీర్పు చెబుతున్నానన్నమాట ఇన్నాళ్లూ.

పాటలు ఎందుకు ఇంత పొట్టివైపోయాయి?

స్పాటిఫైలో పాట 30 సెకన్లు వింటే డబ్బుకు ఒక లెక్క. పద్నాలుగు నిమిషాలు విన్నా ఒకటే లెక్క. ఇక పొడుగు పాట ఎవడు చేస్తాడు? 2019లో 19 వారాలు అమెరికా చార్టులో మొదటి స్థానంలో కూర్చున్న 'ఓల్డ్ టౌన్ రోడ్' అసలు వెర్షన్ రెండు నిమిషాలు కూడా లేదు. దాని బీట్‌ను, పాడిన లిల్ నాస్ ఎక్స్ ఆన్‌లైన్లో 30 డాలర్లకు కొన్నాడు. చేసిన కుర్రాడు నెదర్లాండ్స్‌లో ఉంటాడు, ఇద్దరికీ అంతకుముందు ముఖపరిచయమే లేదు. ఒకే వీధి, ఒకే హాలు, ఒకే బృందం అన్న పాత పద్ధతికి ఇంతకన్నా దూరం ఏముంటుంది?

విచిత్రం ఏంటంటే, పాటలు కురచైనా ఆల్బమ్‌లు ఉబ్బాయి. ఎక్కువ పాటలుంటే ఎక్కువ లెక్కలు. నాస్ 1994లో తెచ్చిన 'ఇల్‌మ్యాటిక్' పది ముక్కలు, నలభై నిమిషాల లోపు. డ్రేక్ 2018 నాటి 'స్కార్పియన్'లో 25. అందులో ఓ పది తీసేస్తే బాగుండేది.

పాతది సమాజం గురించి, కొత్తది డబ్బూ కార్ల గురించి కదా?

'ర్యాపర్స్ డిలైట్'లో హ్యాంక్ గొప్పలు వినండి: రెండు పెద్ద కార్లు, అంగరక్షకులు, బాస్కెట్‌బాల్ చూడ్డానికి కలర్ టీవీ. 1979లో! ఓల్డ్ స్కూల్ నూటికి తొంభై పాళ్లు పార్టీ సంగీతం. బ్రాంక్స్ బతుకును సూటిగా చెప్పిన 'ది మెసేజ్' 1982లో వచ్చింది, అది కూడా బృందంలో చాలామందికి ఇష్టం లేకుండా. ఎడ్ ఫ్లెచర్, మెలీ మెల్ రాసిన పాట అది. రికార్డు మీద గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ పేరుంటుంది గానీ అందులో ఆయన చేయి పడలేదు.

ఈ పాటల వల్లే హింస పెరుగుతోందంటారు?

2010ల మొదట్లో షికాగో సౌత్ సైడ్ కుర్రాళ్లు మొదలుపెట్టిన డ్రిల్ అనే రకం ర్యాప్ గురించి ఈ మాట ఎక్కువ. అక్కణ్నుంచి లండన్, మళ్లీ బ్రూక్లిన్. అందులో ఒకరినొకరు కవ్వించుకోవడం, చనిపోయినవాళ్లను ఎగతాళి చేయడం ఉన్నాయి. నేను అవి వినలేను. అలాగని హింస కొత్తగా వచ్చిందీ కాదు. టూపాక్ 1996 సెప్టెంబర్లో, బిగ్గీ 1997 మార్చిలో కాల్పుల్లోనే పోయారు.

ఇక కోర్టుల సంగతి. అట్లాంటాలో ర్యాపర్ యంగ్ థగ్ మీద 2022లో పెట్టిన ముఠా కేసులో అతని పాటల పంక్తులను సాక్ష్యంగా చదివారు. 2024 అక్టోబర్ 31న నేరం ఒప్పుకుని ప్రొబేషన్ మీద బయటికొచ్చాడు. కాలిఫోర్నియా మాత్రం 2022లోనే పాటల్ని సాక్ష్యంగా వాడటానికి హద్దులు పెడుతూ చట్టం చేసింది. సినిమాలో విలన్ వేషం వేసినవాణ్ణి ఆ డైలాగులు చదివి జైల్లో పెట్టం కదా.

ఆడవాళ్ల సంగతి?

మొదటి పార్టీ పెట్టింది సిండీ. మొదటి హిట్ తీసింది సిల్వియా. 1981 ఫిబ్రవరి 14న జాతీయ టీవీలో మొదటిసారి కనిపించిన ర్యాప్ బృందంలో మైకు పట్టిన షా-రాక్ ఆడపిల్లే. 14 ఏళ్ల రోగ్జాన్ షాంటే 1984లో మగవాళ్ల పాటకు జవాబు పాడి పెద్ద రగడే లేపింది. అయినా ఉత్తమ ర్యాప్ ఆల్బమ్ గ్రామీ ఆడవాళ్ల చేతికి వచ్చింది మూడేసార్లు: ఫ్యూజీస్ బృందంతో కలిసి లారిన్ హిల్, తర్వాత కార్డీ బీ, 2025లో డోచీ. ఇప్పుడు కొత్తగా వస్తున్న మంచి ర్యాపర్లలో ఆడవాళ్లే ముందున్నారని నాకనిపిస్తుంది.

హిప్ హాప్ చచ్చిపోయిందా?

2006లోనే నాస్ ఒక ఆల్బమ్‌కు ఆ పేరే పెట్టాడు. 2017లో అమెరికాలో రాక్‌ను దాటి ఆర్ అండ్ బీ, హిప్ హాప్ మొదటి స్థానానికి వచ్చాయి. 2025 అక్టోబర్లో ఒక వారం చార్టులో మొదటి 40 స్థానాల్లో ఒక్క ర్యాప్ పాటా లేదు, 1990 తర్వాత అలా జరగడం మొదటిసారి. పాతబడిన పాటల్ని తొందరగా తీసేసేలా చార్టు నిబంధన మార్చడం కూడా దానికి ఒక కారణం. అదే ఏడాది ఫిబ్రవరిలో కెండ్రిక్ సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) విరామంలో పాడాడు. చచ్చిందో బతికిందో మీరే అనుకోండి.

బ్రేక్ డ్యాన్స్, గోడల మీద బొమ్మలు కూడా హిప్ హాపేనా?

అవును. డీజే, ఎంసీ (అంటే ర్యాపర్), బ్రేకింగ్, గ్రాఫిటీ నాలుగూ కలిస్తేనే అనేవారు. ఇప్పుడు ఎవరి దారి వారిది. బ్రేకింగ్ 2024 పారిస్ ఒలింపిక్స్ దాకా వెళ్లింది, జపాన్ అమ్మాయి అమీ, కెనడా కుర్రాడు ఫిల్ విజార్డ్ స్వర్ణాలు గెలిచారు.

తెలుగువాళ్లకు ఇందులో భాగం ఉందా?

ఉంది. కాలిఫోర్నియాలో పుట్టి పెరిగిన రాజకుమారి తెలుగమ్మాయే, అసలు పేరు శ్వేత యల్లాప్రగడ రావు. చిన్నప్పుడు నేర్చుకున్న శాస్త్రీయ నృత్యంలోని జతులను ర్యాప్ మధ్యలో పలకడం ఆమె ముద్ర. హైదరాబాద్‌లో నోయెల్, రోల్ రైడా లాంటివాళ్లు తెలుగులో చెబుతున్నారు.

ర్యాపర్లు గుండ్రంగా నిలబడి అప్పటికప్పుడు అల్లి చెప్పేదాన్ని సైఫర్ అంటారు. మనకు అవధానం ఉంది కాబట్టి ఈ సరదా వేరే చెప్పక్కర్లేదు. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అడుగడుగునా అక్షరం అడ్డు పెడుతుంటే పద్యం నడిపించే పెద్దలు ఏ ఫ్రీస్టైల్ పోటీలోనైనా నెగ్గుకొస్తారు.

తెలుగు ర్యాప్‌తో నాకున్న పేచీ ఒకటే. మన వాక్యం క్రియతో ముగుస్తుంది. వస్తా, చేస్తా, చూస్తా, తీస్తా అనుకుంటూ పోతే ప్రాస దానంతటదే పడిపోతుంది, శ్రమ అక్కర్లేదు. రకీమ్ చేసినట్టు ప్రాసను వాక్యం నడుమకు తెచ్చినప్పుడే మనవాళ్ల సత్తా బయటపడుతుంది. ద్వితీయాక్షర ప్రాస ఉన్న భాష మనది, వాడుకోవడమే తరువాయి.

కొత్తగా వినేవాళ్లం. ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?

ముందు షిక్ 'గుడ్ టైమ్స్', వెంటనే 'ర్యాపర్స్ డిలైట్'. తర్వాత 'ది మెసేజ్', 'పెయిడ్ ఇన్ ఫుల్'. 'ఇల్‌మ్యాటిక్' మధ్యలో లేవకుండా ఒకే బిగువున. అమెరికా దక్షిణాది ర్యాప్‌కు అవుట్‌కాస్ట్ 'అక్వెమినై', ట్రాప్‌కు టీ.ఐ. 'ట్రాప్ మ్యూజిక్', ఇప్పటి కాలానికి కెండ్రిక్ 'టు పింప్ ఎ బటర్‌ఫ్లై'. పంక్తుల అర్థాలు వివరించే సైట్లున్నాయి, పక్కన తెరిచి పెట్టుకుంటే యాస అడ్డురాదు. హెడ్‌ఫోన్లయినా కారయినా ఫర్వాలేదు, ఫోన్ స్పీకర్ మాత్రం వద్దు. ఇంట్లో చిన్నపిల్లలుంటే పాట పేరు పక్కన 'ఇ' అనే ఇంగ్లీషు అక్షరం ఉందేమో చూసుకోండి, ఉంటే అందులో బూతులున్నట్టు. చాలావాటికి బూతులు తీసేసిన వెర్షన్లు కూడా దొరుకుతాయి.